చంద్రశిల ఒక్కరోజు నడక: ఓరుగల్లు జట్టు ప్లాన్, దాని లెక్కలు, తప్పిన చోట్లు

కేసు ఇది. హనుమకొండ, వరంగల్, ములుగు నుంచి తొమ్మిది మంది. ఐదుగురు మగవాళ్లు, నలుగురు ఆడవాళ్లు. వయసు 22 నుంచి 58 దాకా. ఇద్దరు లీడర్లను తీసేస్తే మిగతా ఏడుగురికీ హిమాలయాల ఎత్తులో నడిచిన అనుభవం లేదు. వెళ్లాల్సింది ఉత్తరాఖండ్ రుద్రప్రయాగ జిల్లాలోని చోప్తా నుంచి తుంగనాథ్ గుడి మీదుగా చంద్రశిల కొసకు. అదే రోజు సాయంత్రానికి మళ్లీ చోప్తా చేరాలి. కాలం అక్టోబరు మధ్య. పోను సుమారు ఐదు కిలోమీటర్లు, రాను ఐదు. ట్రెక్కింగ్ వాళ్లు ఈ దారిని 'మోడరేట్' అంటారు.

ఆ మాట విని చాలామంది మోసపోతారు. దారి మోడరేటే. గుడి దాకా రాళ్లు పరిచిన వెడల్పాటి బాట, మధ్యలో టీ కొట్లు, నడవలేనివాళ్లకు గుర్రాలు. కానీ వరంగల్ సముద్రమట్టానికి 270 మీటర్ల దాపున ఉంది. చోప్తా 2,700 మీటర్ల దగ్గర. తుంగనాథ్ 3,680, చంద్రశిల 4,000 అని అక్కడి బోర్డులు చెబుతాయి. టోపో మ్యాపులోని ఎత్తు గీతలు (కాంటూర్లు) లెక్కపెడితే రెండూ అంతకన్నా తక్కువే వస్తాయి, తేడా రెండు మూడు వందల మీటర్ల దాకా ఉంటుంది. ఏ అంకె పట్టుకోవాలన్న దానికి మా పద్ధతి ఒకటే: టైము లెక్కకైనా ఆరోగ్యం లెక్కకైనా పెద్ద అంకె. పెద్ద అంకెతో వేసిన ప్లాన్ తప్పితే మనకు ఓ గంట మిగులుతుంది. చిన్న అంకెతో వేసింది తప్పితే చీకటి పడుతుంది.

మొదటి ప్లాన్ ఎందుకు కొట్టేశాం

జట్టు వాళ్లే వాట్సాప్‌లో ఒక ప్లాన్ రాసుకుని వచ్చారు. కాజీపేటలో రైలు, ఢిల్లీలో దిగి రాత్రి బస్సులో హరిద్వార్, పొద్దున్నే బండి మాట్లాడుకుని రాత్రికి చోప్తా, తెల్లవారుజామున 3 గంటలకు లేచి కొస మీద సూర్యోదయం. లీవులు తక్కువ పడతాయి, ఫొటోలు బాగుంటాయి. ట్రావెల్స్ వాళ్లు అమ్మేదీ దాదాపు ఇదే.

ఇందులో మూడు లోపాలున్నాయి. మూడింటికీ మూలం ఒకటే: రోజు మొదలయ్యేది పొద్దున అనుకోవడం.

ఎత్తు మీద నడిచే రోజు రెండు రాత్రుల ముందే మొదలవుతుంది. పొద్దున హరిద్వార్‌లో 310 మీటర్ల దగ్గర ఉన్న ఒళ్లు అదే రాత్రి 2,700 మీటర్ల దగ్గర పడుకుని, నాలుగు గంటల నిద్రతో 4,000 మీటర్లకు బయలుదేరుతుంది. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 62 శాతం. ప్రతి శ్వాసలో దొరికే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గిపోతుంది. ఒళ్లు దానికి సర్దుకోవడానికి కావలసింది రాత్రులు. ఎంత దమ్మున్న మనిషికైనా అంతే. రోజుకు పది కిలోమీటర్లు పరుగెత్తేవాడికీ, బడిపంతులుకూ ఈ విషయంలో తేడా ఉండదు.

రెండోది చలి. ప్రతి 1,000 మీటర్లకూ ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. చోప్తాలో తెల్లవారుజామున ఐదారు డిగ్రీలు ఉంటే కొస మీద సున్నా కిందికి పోతుంది. సున్నా దగ్గర గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ ఆరున్నర లాగా తగులుతుంది. చెమటతో తడిసిన కాటన్ బనీను మీద ఆ గాలి తగలడం మామూలు చలి కాదు.

మూడోది చీకటి. గుడి దాటాక చంద్రశిలకు పోయే కిలోమీటరున్నర మట్టి, రాయి కలిసిన నిటారు దారి. అక్టోబరులో నీళ్లు కారిన చోట తెల్లవారుజామున గాజులాంటి మంచు పొర కడుతుంది. టార్చి వెలుతురులో అది తడి రాయిలాగే కనిపిస్తుంది.

సూర్యోదయం వదిలేద్దామంటే జట్టులో ఇద్దరు చాలా బాధపడ్డారు. వాళ్లకు చెప్పింది ఇది: అక్టోబరులో వాన కడిగిన ఆకాశం ఉంటుంది, చౌఖంబా శిఖరం (7,138 మీటర్లు) బుగ్యాల్ (కొండ మీది పచ్చిక) మీంచి పొద్దున 8 గంటలకు కూడా అంతే తెల్లగా కనిపిస్తుంది. మబ్బులు పేరుకునేది మధ్యాహ్నం మీద.

రాత్రులు ఎక్కడెక్కడ

రెండో ప్లాన్‌లో మొదటి రాత్రి రిషికేశ్. రెండోది ఉఖీమఠ్, 1,300 మీటర్లు. రిషికేశ్ నుంచి దేవప్రయాగ, శ్రీనగర్ (ఉత్తరాఖండ్‌లోదే, కశ్మీర్‌ది కాదు), రుద్రప్రయాగ మీదుగా పగటిపూట ఏడెనిమిది గంటల ప్రయాణం. ఘాట్ రోడ్డులో రాత్రి ప్రయాణం పెట్టలేదు. మూడో రోజు 'సారి' అనే ఊరి నుంచి దేవరియాతాల్ చెరువుకు ఎక్కి దిగడం. చెరువు 2,400 మీటర్ల ఎత్తులో ఉంది. సాయంత్రం చోప్తా, మూడో రాత్రి అక్కడ. నాలుగో రోజు నడక, నాలుగో రాత్రి మళ్లీ చోప్తాలోనే.

దేవరియాతాల్ పెట్టడం చూడ్డానికి కాదు, పరీక్షకు. దారి చిన్నది, ఎక్కుడు మాత్రం అసలు రోజు లాంటిదే. ఎవరి బూట్లు ఎక్కడ కొరుకుతున్నాయి, ఎవరు నీళ్లు తాగడం మరిచిపోతున్నారు, ఎవరు ఒక్క మాటా చెప్పకుండా నడుస్తున్నారు, ఇవన్నీ అక్కడ బయటపడతాయి. ఈ కేసులో రెండు బయటపడ్డాయి, మూడోది బయటపడాల్సి ఉండి పడలేదు. దాని సంగతి తరువాత.

ఘాట్ రోడ్డులో వాంతులకు వేసుకునే మాత్రల గురించి ఒక మాట. చాలా మాత్రలు మగత తెస్తాయి. ఆ మగత, ఆ వికారం మర్నాటి దాకా లాగితే అది రోడ్డు వల్లనా ఎత్తు వల్లనా తేల్చడం కష్టం. అందుకే బండిలో ఎవరు ఏ మాత్ర, ఏ టైముకు వేసుకున్నారో లీడర్ నోట్‌బుక్‌లో రాసి పెట్టారు.

డాక్టరు దగ్గర తేలినవి

58 ఏళ్ల రిటైర్డ్ టీచర్‌కు బీపీ. మందులతో అదుపులో ఉంది, డాక్టరు గుడి దాకా సరేనన్నారు. 51 ఏళ్ల ఆమెకు షుగర్, మాత్రల మీద ఉన్నారు. షుగర్ మాత్రల్లో కొన్ని రకాలు గంటల తరబడి నడిచినప్పుడు షుగర్‌ను మరీ కిందికి దించేస్తాయి. చెమట, వణుకు, తికమక వస్తాయి. ఎత్తులో అలసిపోయిన మనిషీ అలాగే కనిపిస్తుంది కాబట్టి పక్కవాళ్లు పొరబడతారు. ఆమె జేబులోనే గ్లూకోజ్ పొడి, ప్రతి 45 నిమిషాలకు ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలన్న నియమం పెట్టాం. గ్లూకోమీటర్ చలికి తప్పు చూపిస్తుంది, అందుకని అది స్వెట్టర్ లోపలి జేబులో ఉండాలి.

తొమ్మిది మందికీ సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) పరీక్ష చేయించాం. ములుగు, ఆదిలాబాద్ ఏజెన్సీ వైపు ఈ జబ్బు ఉంది. జబ్బు ఉన్నవాళ్లను ఈ ఎత్తుకు తీసుకుపోనే కూడదు. జబ్బు లేకుండా దాని గుణాన్ని మాత్రమే మోసేవాళ్లకు ఊళ్లో ఏ ఇబ్బందీ ఉండదు, ఆ సంగతి వాళ్లకే తెలియదు. కానీ ఎత్తులో అలాంటివాళ్ల ప్లీహానికి రక్తం ఆగిపోయి ఎడమ డొక్కలో విపరీతమైన నొప్పి రావచ్చు. అది ఆసుపత్రి కేసు. ఉత్తర తెలంగాణ నుంచి జట్టు కట్టేవాళ్లు ఈ ఒక్క రక్తపరీక్షను లిస్టులో పెట్టుకోవాలని గట్టిగా చెబుతున్నాం. ఊరి పేరు, కులం పేరు చూసి కొందరికే చేయించడం తప్పు, అందరికీ చేయించాలి. ఈ జట్టులో ఎవరికీ లేదు.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర సంగతి డాక్టరుకే వదిలేశాం. సల్ఫా మందులు పడనివాళ్లకు అది ప్రమాదం కావచ్చు. ఎత్తులో రాత్రులు మెల్లగా పెంచుకుంటూ వెళ్లే ఇలాంటి ప్లాన్‌లో అందరికీ అది అవసరం పడదు.

గుట్టలు లేని చోట ఎక్కుడు సాధన

హనుమకొండ చుట్టూ గుట్టలున్నాయి గానీ ఒకసారి ఎక్కితే వంద మీటర్లు కూడా రాదు. చంద్రశిలకు బోర్డు లెక్కన 1,300 మీటర్లు ఎక్కాలి. అందుకని సాధన మెట్ల మీద పెట్టాం. నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్‌లో కింది నుంచి టెర్రస్‌కు సుమారు 12 మీటర్లు. వారానికి మూడు రోజులు, మొదటి వారం రోజుకు పది సార్లు, ఆపైన వారానికి ఐదు చొప్పున పెంచుకుంటూ ఎనిమిదో వారానికి 45 సార్లు. అంటే 540 మీటర్లు. మూడో వారం నుంచి వీపున 3 కిలోలు, ఆరో వారం నుంచి 5. రెండు ఆదివారాలు పాండవుల గుట్టల్లో నడక, ఎందుకంటే మెట్లు పాదానికి సమంగా ఉంటాయి, రాయి అలా ఉండదు. చీలమండ పక్కకు వంగినప్పుడు నిలదొక్కుకోవడం రాయి మీదే వస్తుంది.

ఇద్దరు మెట్లెక్కి లిఫ్టులో దిగేవాళ్లు. దమ్ము పెరిగింది, మోకాళ్లు పెరగలేదు. దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే బరువు ఆపాలి, ఆ పని దిగితేనే నేర్చుకుంటుంది. నేర్చుకోని తొడ కొంత దూరానికే వణకడం మొదలుపెడుతుంది, ఆ తరువాత దెబ్బంతా మోకాలి మీద పడుతుంది. తొమ్మిది మందిలో ఆరుగురే ఎనిమిది వారాలూ పూర్తి చేశారు. దిగుడులో వెనకబడిన ముగ్గురూ మిగతా ముగ్గురే.

టైము లెక్క

1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు నైస్మిత్ ఇచ్చిన పాత సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. ఇక్కడ దూరానికి 1 గంట, ఎక్కుడుకు 2 గంటల 10 నిమిషాలు. కలిపి 3 గంటల 10 నిమిషాలు. ఆ సూత్రం తక్కువ ఎత్తు కొండలది. పల్చటి గాలికి 30 శాతం కలిపితే సుమారు 4 గంటల 10 నిమిషాలు. గంటకు పది నిమిషాల చొప్పున ఆగడానికి 40, దర్శనానికి 30. మొత్తం 5 గంటల 20 నిమిషాలు.

తిరుగు సమయం ముందే రాసేశాం: మధ్యాహ్నం 12 గంటలు. ఎక్కడ ఉన్నా, కొస పది అడుగుల్లో కనిపిస్తున్నా, 12 కొట్టగానే వెనక్కి. ఈ అంకె దిగుడు నుంచి వచ్చింది. అక్టోబరు మధ్యలో అక్కడ సూర్యుడు ఆరుంబావు దాపున ఉదయించి ఐదూ నలభైకి అస్తమిస్తాడు. దిగడానికి 2 గంటల 40 నిమిషాలు, మోకాళ్లు మొరాయిస్తే ఒక గంట. మూడూ నలభైకి చోప్తా. ఆపైన రెండు గంటల వెలుతురు చేతిలో మిగలాలి, ఎవరినైనా మోసుకొచ్చే పరిస్థితి వస్తే ఆ రెండు గంటలే ఆధారం.

ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టండి. 6:30కు బయలుదేరితే కొస చేరేది 11:50. తిరుగు సమయానికి పదే నిమిషాలు. అది ప్లాన్ అనిపించుకోదు. అందుకే 6:00 అని రాశాం. ఆ టైముకు టార్చి లేకుండా దారి కనబడుతుంది.

గమ్యం కూడా రెండుగా విడదీశాం. తొమ్మిది మందిలో నలుగురు పంచకేదారాల్లో (హిమాలయాల్లోని ఐదు శివక్షేత్రాలు) ఒకటని తుంగనాథుడి దర్శనం కోసం వస్తున్నారు, ఐదుగురు శిఖరం కోసం. గుడి చేరితే యాత్ర పూర్తయినట్టే, చంద్రశిల అదనంగా దొరికేది అని మొదటి మీటింగులోనే అందరితో ఒప్పించాం. ఇది మనసు సర్దుకోవడానికి చెప్పే మాట కాదు. కొసే గమ్యమైతే వెనక్కి తిరగడం ఓటమి అవుతుంది, ఓటమికి ఎవరూ ఒప్పుకోరు. గుడి ముగింపు తేదీ కూడా ముందే చూసుకోవాలి. విజయదశమి నాడు ఆ తేదీ ప్రకటిస్తారు. తలుపులు మూశాక స్వామి చలికాలానికి మక్కూమఠ్‌కు దిగిపోతాడు.

సంచిలో

ఒక్కొక్కరికి ఐదు కిలోలకు మించకుండా. ఒంటి మీద చెమట ఆరిపోయే స్పోర్ట్స్ టీషర్టు, పైన స్వెట్టర్ లేదా ఫ్లీస్, అన్నిటిపైన గాలీ వానా ఆపే జాకెట్టు. జీన్స్, కాటన్ బనీను, కాటన్ చున్నీ చోప్తాలోనే. మంకీ క్యాప్, గ్లౌజులు, ఆరిన సాక్సు ఒక జత పాలిథిన్ కవర్లో. టార్చి పగటి నడకే అయినా ప్రతివారికీ. చేతికర్ర ఒకటి. చోప్తాలో కరెంటు ఎక్కువగా సోలార్ మీదే, సిగ్నల్ వచ్చిపోతుంటుంది, కాబట్టి ఫోన్లు ముందురోజే నింపుకుని నడకంతా ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోవాలి.

నీళ్లు తలా రెండు లీటర్లు, ఒక లీటరులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు ఒకటి. 2,000 మీటర్లు దాటాక నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, చోప్తాలో 91 డిగ్రీల దగ్గరే. అందుకని మరగడం మొదలయ్యాక మూడు నిమిషాలు అలాగే ఉంచాలి.

తిండి దగ్గర మన ఇంటి సరుకే బాగా పనిచేస్తుంది, అయితే అన్నీ కాదు. సకినాలు తొమ్మిది మందీ తెచ్చారు, దాదాపు అన్నీ తిరిగి వచ్చాయి: ఎత్తులో నోరు ఎండిపోతుంది, పొడిపిండి గొంతు దిగదు. సర్వపిండి ఇంట్లో ఎంత కమ్మగా ఉన్నా చలికి అట్టముక్కలా బిగుసుకుంది. పల్లిపట్టీ మంచిదే, కానీ చల్లబడితే పన్ను దిగదు, ముందే చిన్న ముక్కలు కొట్టి పెట్టుకోవాలి. అన్నిటికన్నా ముందు ఖాళీ అయినవి నువ్వుల ముద్దలు, ఖర్జూరం, మలీద. చపాతీ, బెల్లం, నెయ్యి కలిపి ముద్ద కట్టిన మలీద మెత్తగా ఉంటుంది, రెండు రోజులు ఆగుతుంది, నమలకుండానే సగం కరుగుతుంది. తలా 200 గ్రాములు, నాలుగు చిన్న పొట్లాలుగా. పెద్ద పొట్లం కడితే ఆగినప్పుడే తీస్తారు. చిన్నది జేబులో ఉంటే నడుస్తూ తింటారు.

ఆ రోజు

6:00కు బయలుదేరాల్సింది 6:20 అయింది. కారణం చిన్నది: పద్దెనిమిది లీటర్ల నీళ్లు పొద్దున కాచుకుందామనుకున్నారు, దిగిన చోట ఒకటే పొయ్యి. రాత్రి భోజనాలయ్యాక కాచి సీసాలు నింపి పెట్టుకుంటే సరిపోయేది. పైగా వేడి సీసా రగ్గులో పెట్టుకుంటే కాళ్లు వెచ్చగా ఉంటాయి.

ముందు బురాన్ష్ చెట్ల అడవి, తరువాత చెట్లు ఆగిపోయి పచ్చిక. గుర్రాలు ఎదురొచ్చినప్పుడు కొండ వైపు గోడకు ఆనుకుని నిలబడాలని పదే పదే చెప్పాల్సి వచ్చింది. మర్యాదగా దారి ఇద్దామని మనవాళ్లు లోయ అంచుకు జరుగుతారు. గుర్రం వీపున మూటలు పక్కలకు పొడుచుకుని ఉంటాయి, ఒక్క తోపు చాలు.

గుడికి జట్టు చేరింది 9:50కి. కానీ 22 ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థి 9:00కే చేరాడు. కబడ్డీ ఆడతాడు, అందరికన్నా దమ్మున్నవాడు, వెనక లీడర్ పిలుస్తున్నా ఆగలేదు. 50 నిమిషాలు చెమట తడితో గాలిలో కూర్చున్నాడు. మధ్యలో మూత్రానికి పోవాల్సి వస్తుందని నీళ్లు అర లీటరు కూడా తాగలేదు. టీచర్, షుగర్ ఉన్న ఆమె ముందే అనుకున్నట్టు గుడి దగ్గరే ఆగిపోయారు. మిగతా ఏడుగురు 10:25కు పైకి కదిలారు.

11:10కి ఆ పిల్లాడు నెత్తి పట్టుకున్నాడు.

"ఏమైంది తమ్మీ?"

"ఏం లేదన్నా, జర తల నొస్తుంది. పావుగంటల పోతది."

"కూసో. నీళ్లు తాగు. వాంతికొచ్చినట్టుందా?"

"లేదన్నా, మీరు నడువుండ్రి, నేనొస్త."

ఇలాంటప్పుడు లీడర్ చేయాల్సిన పని లెక్క ప్రకారం చేశాడు. కూర్చోబెట్టి పదిహేను నిమిషాలు ఆగాడు, స్వెట్టర్ వేయించాడు, అర లీటరు తాగించాడు. బొటనవేలికి మడమ తాకిస్తూ సరళరేఖలో పది అడుగులు వేయమన్నాడు. తూలలేదు. తూలితే మెదడు మీద ఎత్తు ప్రభావం మొదలైనట్టు, అప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే. కూర్చుని ఉండగా ఆయాసం ఉందా, దగ్గు ఉందా చూశాడు, లేవు. ఆక్సీమీటర్ 84 చూపించింది, కానీ వేళ్లు మంచులా ఉన్నాయి, చల్లటి వేలి మీద ఆ యంత్రాన్ని నమ్మకూడదు. 11:25కి వికారం మొదలైంది.

తలనొప్పి నీళ్లు తాగకపోవడం వల్ల కావచ్చు, చలి వల్ల కావచ్చు, ఎత్తు వల్ల కావచ్చు. కొండ మీద అది తేల్చుకుంటూ కూర్చోకూడదు. ఎత్తులో వచ్చిన తలనొప్పిని ఎత్తు జబ్బుగానే చూడాలి, కాదని తేలేదాకా. తలనొప్పికి వికారం తోడైందంటే ఒక్క అడుగు పైకి వేయకూడదు, ఒంటరిగా కిందికి పంపకూడదు. రెండో లీడర్ అతనితో దిగాడు. చోప్తా చేరేసరికి తలనొప్పి పోయింది, రాత్రి మామూలుగా తిన్నాడు.

మిగిలిన ఐదుగురు 11:50కి కొస చేరారు. గంగమ్మ చిన్న గుడి, ఎదురుగా చౌఖంబా, కేదార్ శిఖరాలు. తూర్పున నందాదేవి వైపు అప్పటికే తెల్లగా మూసుకుపోతోంది. పది నిమిషాలు. 12:00కు దిగారు. ఒకరు ఇంకో పది నిమిషాలు అడిగారు, లీడర్ కాగితం చూపించాడు. కాగితం మీద రాసి ఉంటే వాదన మనిషితో ఉండదు.

1:10కి, గుడి నుంచి ఇరవై నిమిషాలు కిందికి వచ్చాక, శనగగింజంత వడగళ్లు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 12 సెకన్లు. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు లెక్కన నాలుగు కిలోమీటర్ల దూరం. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల లోపుంటే కొస మీద, గట్టు మీద ఉండనే కూడదు. 12 గంటల అంకె అక్కడ తన పని చేసింది. టీ కొట్టులో 25 నిమిషాలు ఆగి, వడగళ్లు కరిగి రాళ్లు జారుడుగా ఉంటే పక్క గడ్డి అంచున చిన్న అడుగులతో దిగారు. 3:35కు చోప్తా.

తెగిన అడుగు

1:50కి 44 ఏళ్ల బ్యాంకు ఉద్యోగి కుడి బూటు అడుగు మడమ దగ్గర నోరు తెరిచింది. పది నిమిషాల్లో ముందు వేలి దాకా ఊడి చెప్పులా వేలాడింది. మంచి కంపెనీ ట్రెక్కింగ్ బూట్లు, ఆరేళ్ల కింద కొన్నవి, రెండుసార్లు తొడిగి బీరువాలో జాగ్రత్తగా పెట్టినవి. అసలు చిక్కు ఆ జాగ్రత్తలోనే ఉంది. ఇలాంటి బూట్లలో అడుగుకీ పై తోలుకీ మధ్య మెత్తటి పాలియురెథేన్ పొర ఉంటుంది. గాలిలోని తేమ దాన్ని లోలోపల విరిచేస్తుంది, వేడి ఆ పనిని తొందర చేస్తుంది. మన ఎండాకాలం, మన వానాకాలం చూసిన బీరువాలో ఆరేళ్లు అంటే చాలు. వాడుతున్న బూటు కన్నా మూలన పెట్టిన బూటే ముందు పోతుంది. పైకి కొత్తదిలా మెరుస్తుంది.

విరిగిన చోట చూస్తే బిస్కెట్ పొడిలా రాలుతోంది. జిగురు పట్టడానికి గట్టి పొరే లేదు. లీడర్ నీళ్ల సీసాకు చుట్టి ఉంచిన రెండు మీటర్ల డక్ట్ టేపు విప్పి పాదం మధ్యలో ఎనిమిది అంకె (8) ఆకారంలో రెండు చుట్లు, వేళ్ల దగ్గర ఒకటి వేశాడు. తడి బూటుకు టేపు అంటదు కాబట్టి ముందు లుంగీ ముక్కతో తుడిచి, అదే ముక్కను చీల్చి టేపు మీద కట్టు కట్టాడు. టేపు రాయి మీద అరిగిపోతుంది, గుడ్డ దాన్ని కాపాడుతుంది. కిలోమీటరు వచ్చింది, చాలు.

దీన్ని ముందే పట్టుకోవచ్చు. ఇంట్లో బూటును రెండు చేతులతో విల్లులా వంచి, మడమ పైన ఆ మెత్తటి పొర మీద బొటనవేలితో గట్టిగా నొక్కాలి. సన్నటి పగుళ్లు కనిపించినా, గోరుకు పొడి రాలినా ఆ జత పనికిరాదు. మా ప్లాన్‌లో "ఎనిమిది వారాలు బూట్లతో సాధన" అని ఉంది. ఆయన ఎనిమిది వారాలూ చేశారు, స్పోర్ట్స్ షూతో. దేవరియాతాల్‌కు కూడా వాటితోనే వెళ్లారు, ట్రెక్కింగ్ బూట్లు అసలు రోజుకని దాచుకున్నారు. బయటపడాల్సి ఉండి పడని మూడో సంగతి ఇదే. కొత్త కాగితంలో ఆ వాక్యం మారింది: "చంద్రశిలకు తొడిగే జతతోనే, మొదటి వారం నుంచి."

ఇంకా మార్చినవి

అందరికన్నా పెద్ద లోపం తొమ్మిది మందికి ఇద్దరే లీడర్లు ఉండడం. జట్టు రెండు ముక్కలవుతుందని లెక్క వేశాం. ఆ రోజు మూడు ముక్కలైంది. ఐదుగురు పైన, తలనొప్పి పిల్లాడితో రెండో లీడర్ కిందికి, గుడి దగ్గర టీచర్, షుగర్ ఉన్న ఆమె. రెండో లీడర్ 11:50కి గుడి దాటుతూ వాళ్లిద్దరినీ రమ్మన్నాడు. 12:45కు ఇక్కడే కలుస్తామని అందరం అనుకున్నాం కదా బాబూ, మేం కదిలితే పైవాళ్లు వెతుక్కుంటారని టీచర్ గారు ఆగిపోయారు. ఆయన అన్నది న్యాయమే, ప్లాన్‌లో ఉన్నది అదే. ఫలితంగా గంట సేపు, ఫోన్ సిగ్నల్ లేని చోట, ఆరోగ్య ఇబ్బందులున్న ఇద్దరే ఒంటరిగా ఉన్నారు, ఆ తరువాత వడగళ్లలో దిగారు. ఏమీ కాలేదు. కానీ ఆమెకు ఆ గంటలో షుగర్ పడిపోయి ఉంటే గ్లూకోజ్ ఆమె జేబులోనే ఉందని టీచర్ గారికి తెలియదు.

ఇప్పుడు ప్రతి ముగ్గురికీ ఒక లీడర్. గుడి దగ్గర ఆగేవాళ్లతో ఒకరు ఉండి తీరాలి. పైవాళ్లు రాకముందే కిందికి దిగాల్సి వస్తే గుడి పక్క టీ కొట్టులో పేర్లు, టైము రాసిన చీటీ ఇచ్చి దిగాలి, పైవాళ్లు మొదట ఆ కొట్టులో అడగాలి. ఎవరి మందు, ఎవరి గ్లూకోజ్ ఏ జేబులో ఉందో పక్కన నడిచే మనిషికి బయలుదేరే ముందే చేతితో తాకించి చూపించాలి. లీడర్ కన్నా ముందు ఎవరూ నడవకూడదన్న నియమం ముందూ ఉంది, ఇప్పుడు దానికి ఒక పద్ధతి తోడైంది: జట్టులో అందరికన్నా వేగం ఉన్న మనిషికి ఫస్ట్ ఎయిడ్ సంచి ఇచ్చి అందరికన్నా వెనక నడిపించడం.

ఆసుపత్రుల వరుస కూడా కాగితం వెనక రాశాం. దగ్గరలో ఉఖీమఠ్ ఆరోగ్య కేంద్రం, చోప్తా నుంచి సుమారు 30 కిలోమీటర్లు. అటువైపు దిగితే గోపేశ్వర్ జిల్లా ఆసుపత్రి, 40 కిలోమీటర్ల దాపు. నంబర్లు 108, 112. సిగ్నల్ దొరక్కపోవచ్చు కాబట్టి బండి డ్రైవర్‌ను సాయంత్రం 5:40 దాకా చోప్తా వదిలి పోవద్దని ముందే మాట్లాడి పెట్టాలి, దానికి అదనంగా అడిగిన డబ్బు ఇవ్వాలి. ఈసారి డ్రైవర్ మధ్యాహ్నం ఉఖీమఠ్‌కు టిఫిన్‌కని పోయి నాలుగున్నరకు వచ్చాడు. 3:35కు దిగిన జట్టు తడి బట్టలతో రోడ్డు పక్క టీ కొట్టులో గంట కూర్చుంది. ఆరిన సాక్సులు సంచి అడుగున పాలిథిన్ కవర్లో ఉన్నవాళ్లు నలుగురే.